వస్తే మంచిదే, రాకపోతే గ్రాంటే

అమ్మలూ,

నీ మెయిల్ వచ్చి నాలుగు రోజులైంది. నువ్వు పంపిన రికవరబుల్ గ్రాంటు (షరతు నెరవేరితే తిరిగి ఇవ్వాల్సిన సాయం) ఒప్పందం డ్రాఫ్టు రెండుసార్లు చదివితే గానీ జవాబు రాయకూడదనుకున్నాను, అందుకే ఈ ఆలస్యం. నువ్వు అడిగిన మొదటి ప్రశ్న మాత్రం భలే నచ్చింది: "డబ్బు వెనక్కి వస్తే అది దానం ఎలా అవుతుంది మావయ్యా?" ఇన్నేళ్లు ట్రస్టుల్లో గ్రాంట్ల పని చూశాను, ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

వెనక్కి వచ్చే డబ్బు ఇచ్చినవాళ్ల జేబులోకి రాదు. దానం కోసం పక్కన పెట్టిన నిధిలోకి వచ్చి, అక్కడి నుంచి ఇంకో సంస్థకి వెళ్తుంది. అమెరికాలో డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ అని, దాత సలహా మీద దానాలు చేసే నిధి ఒకటుంది కదా, అందులో దాత డబ్బు వేసినప్పుడే పన్ను మినహాయింపు లెక్క అయిపోతుంది, ఆ తర్వాత ఆ డబ్బు ఎన్నిసార్లు బయటికి వెళ్లి తిరిగొచ్చినా అది దానం డబ్బే. ప్రైవేటు ఫౌండేషన్లకి (ఒక కుటుంబమో కంపెనీయో తన డబ్బుతో పెట్టిన దాన సంస్థలకి) అక్కడ ఇంకో నియమం ఉంది. ఏటా ఆస్తుల్లో దాదాపు 5 శాతం ఖర్చు పెట్టి తీరాలి, ఇలాంటి గ్రాంటు ఇచ్చిన ఏడాది అది ఆ లెక్కలోకి వస్తుంది, తీరా డబ్బు తిరిగొస్తే ఆ మొత్తాన్ని ఆ ఏటి ఖర్చుకి కలిపి మళ్లీ ఇచ్చేయాలి. కాబట్టి దాచుకునే దారి లేదు. మీ ట్రస్టు ఉన్న చోట చట్టం ఏమంటుందో మీ ఆడిటర్‌ని అడుగు, ఆ విషయంలో నా మాట పట్టుకుని వెళ్లకు.

ఇక అసలు సంగతి. చేబదులు అంటే నీకు తెలుసు. వడ్డీ ఉండదు, తాకట్టు ఉండదు, కానీ బాకీ బాకీయే, చేతిలో ఉన్నా లేకపోయినా తీర్చాలి. రికవరబుల్ గ్రాంటు అంత గట్టిది కాదు. ముందుగా రాసుకున్న షరతు నెరవేరితేనే డబ్బు వెనక్కి ఇవ్వాలి. నెరవేరలేదా, అది మామూలు గ్రాంటు, ఇక అడగడానికేం లేదు. సాధారణంగా వడ్డీ ఉండదు. కొందరు కొంచెం పెడతారు, నాకైతే అది నచ్చదు. ఫౌండేషన్లు అప్పుగానో వాటాగానో పెట్టే ప్రోగ్రామ్ రిలేటెడ్ ఇన్వెస్ట్‌మెంట్లు వేరే సంగతి. ఫోర్డ్ ఫౌండేషన్ వాటిని 1968లో మొదలుపెట్టింది, 1969లో అమెరికా పన్ను చట్టంలో వాటికి చోటు దొరికింది. చట్టం ఒక్కోసారి రెండిటినీ ఒకే గాటన కట్టినా, నువ్వు మాత్రం కలపకు. అక్కడ రాకపోతే నష్టం అని రాస్తారు, ఇక్కడ రాకపోతే గ్రాంటు అని రాస్తారు.

నేను రాసిన మొదటి రికవరబుల్ గ్రాంటు గురించి చెప్తాను. కుర్రాళ్లకి పని నేర్పే ఒక చిన్న సంస్థ, నడిపే ఆవిడ చాలా నిక్కచ్చి మనిషి. రెండో టీచర్ని పెట్టుకుంటే ఫీజులు పెరుగుతాయి, అప్పుడు తిరిగి ఇస్తారు అనేది మా ఆలోచన. కాగితంలో నేను గొప్పగా రాసిన వాక్యం ఇది: "ఆర్థిక పరిస్థితి కుదుటపడిన తరువాత తిరిగి చెల్లించవలెను." ఉదారంగా ఉందనుకున్నాను. ఏడాది గడిచింది, రెండో ఏడాది వచ్చింది, ఆవిడ నా ఫోన్లు ఎత్తడం తగ్గించింది. నాకేమో కోపం, డబ్బు తినేశారేమోనన్న అనుమానం కూడా (సిగ్గుపడుతూనే చెప్తున్నాను). చివరికి నేనే వెళ్లాను. ఆవిడ ఏం మాట్లాడకుండా బీరువాలోంచి పాస్‌బుక్ తీసి నా ముందు పెట్టింది. మా డబ్బు పడిన ఎంట్రీ ఒకటి, ఆ కింద వరసగా బ్యాంకు వేసిన వడ్డీ ఎంట్రీలు. ఒక్క రూపాయి తీయలేదు. "మీరు ఎప్పుడు అడుగుతారో తెలియదు కదండీ, ఖర్చు పెట్టేశాక అడిగితే ఎక్కడి నుంచి తేవాలి?" అంది. రెండో టీచర్ రానే లేదు. రెండేళ్ల పాటు ఆ డబ్బు ఎవరికీ పనికిరాకుండా అక్కడ కూర్చుంది, నేను రాసిన ఒక్క వాక్యం వల్ల.

అందుకే నీ డ్రాఫ్టులో "వీలైనంత త్వరగా" అన్న మాట చూడగానే గుండె జారింది. ఎవరికి వీలైనంత? ఎవరు తేలుస్తారు?

షరతు ఎలా ఉండాలంటే, ఇద్దరూ ఒకే కాగితం చూసి ఒకే జవాబు చెప్పగలగాలి. ఆ కాగితం వాళ్ల దగ్గర ఎలాగూ ఉండేదే కావాలి, నీ కోసం కొత్త రిపోర్టు తయారు చేయించకు. అన్నిటికన్నా తేలిక ఏమిటంటే, ప్రభుత్వం నుంచో ఇంకో దాత నుంచో మంజూరైన డబ్బు ఆలస్యమవుతోంది, ఈలోపు జీతాలు ఆగకూడదు, అలాంటప్పుడు "ఆ డబ్బు ఖాతాలో పడిన 30 రోజుల్లో" అని రాస్తే చాలు. సంపాదన మీద ఆధారపడేదైతే కొంచెం ఆలోచించాలి. ఆడిట్ అయిన లెక్కల్లో ఆదాయం ఫలానా మొత్తం దాటితే, దాటిన దాంట్లో పదో వంతు ఏటా ఇవ్వాలి, అసలు మొత్తం తీరగానే ఆపేయాలి, ఏడేళ్లకి ఎంత మిగిలినా అది గ్రాంటుగా మారిపోవాలి. ఆ చివరి ముక్క చాలామంది మర్చిపోతారు. గడువు లేకపోతే ఆ సంస్థ పుస్తకాల్లో అది ఎప్పటికీ వేలాడుతూనే ఉంటుంది. గడువు తీరిన రోజున నువ్వే ఒక ఉత్తరం రాసివ్వు, ఇది ఇక గ్రాంటు, మీరు మాకేం ఇవ్వనక్కర్లేదు అని. ఆ ఉత్తరం ఫైల్లో ఉంటే వాళ్ల ఆడిటర్‌కి కూడా టెన్షన్ తప్పుతుంది.

ఆడిటర్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఈ డబ్బుని వాళ్లు ఆదాయంగా చూపిస్తారా, అప్పుగా చూపిస్తారా అన్నది సంతకాలకి ముందే తేల్చుకోమను. అప్పు వైపు రాస్తే రేపు బ్యాంకు లోన్ అడిగినప్పుడు వాళ్లకే ఇబ్బంది.

మరీ బిగించి రాసినా పనికిరాదు. అమెరికా దేశ నిర్మాతల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1790లో చనిపోతూ బోస్టన్, ఫిలడెల్ఫియా నగరాలకి చెరో వెయ్యి పౌండ్లు రాసి వెళ్లాడు. పాతికేళ్లలోపు, పెళ్లయిన, శిక్షణ పూర్తి చేసిన చేతివృత్తి కుర్రాళ్లకి 5 శాతం వడ్డీకి ఇవ్వాలి, ఇద్దరు హామీ ఉండాలి, పదేళ్లలో తీర్చాలి, అలా రెండువందల ఏళ్లు తిప్పాలి. ఫ్యాక్టరీలు వచ్చాయి, గురువు దగ్గర పని నేర్చుకునే పద్ధతే పోయింది, ఆ షరతులకి సరిపడే మనుషులు దొరక్క బోస్టన్‌లో డబ్బు ఎక్కువగా పెట్టుబడుల్లోనే పెరిగింది. అదే పెద్దమనిషి 1784లో కష్టాల్లో ఉన్న ఒకతనికి పది బంగారు లూయీలు (అప్పటి ఫ్రెంచి నాణేలు) పంపుతూ, ఇది నీకు ఇవ్వడం లేదు, అప్పుగానే ఇస్తున్నాను, నువ్వు నిలదొక్కుకున్నాక నీలాగే ఇబ్బందిలో ఉన్న ఇంకో నిజాయితీపరుడికి ఇస్తే నా బాకీ తీరినట్టే అని రాశాడు. నన్నడిగితే వీలునామా కన్నా ఆ ఉత్తరమే మేలు.

లెక్క కూడా చూడు. వంద పంపితే డెబ్బై తిరిగొస్తుందనుకుందాం. ఆ డెబ్బై పంపితే 49, మళ్లీ 34. నాలుగు విడతలకే 253 పని జరిగినట్టు, ఎంతకాలం తిప్పినా 333 దాటదు. బాగానే ఉంది, కానీ ఒక్కో విడతకీ ఏళ్లు పడతాయి, ఈలోపు రూపాయి విలువ తగ్గుతుంది, నీ మనుషుల జీతాలూ ఉంటాయి. అందుకే మీ బోర్డులో ఎవరైనా "మన డబ్బు ఎప్పటికీ తరగదు" అని ఉత్సాహపడితే ఈ అంకెలు చూపించు. బడ్జెట్‌లో మొత్తం ఇచ్చేసినట్టే రాసుకో. వచ్చిన రోజున వచ్చిందని రాయి.

ఆకలి తీర్చే పనికి, వరద సాయానికి, ఆదాయం పుట్టే అవకాశమే లేని చోటికి ఇది ఇవ్వకు. అక్కడ గ్రాంటే ఇవ్వు. ఇంకోటి గుర్తుపెట్టుకో, డబ్బు అవసరమైనవాళ్లు నువ్వు ఏ షరతు పెట్టినా తలూపుతారు. వాళ్లు ఒప్పుకున్నారు కదా అని సరిపెట్టుకోకు. "మామూలు గ్రాంటు ఇంతకన్నా తక్కువ వస్తే ఏది తీసుకుంటారు?" అని అడిగి చూడు. నాకు ఇద్దరు ముగ్గురు ఠక్కున తక్కువే చాలన్నారు. వాళ్లకి అదే ఇచ్చాం.

నీ డ్రాఫ్టు విషయానికొస్తే, నాలుగో పేరా తప్ప మిగతాదంతా బాగుంది. అందులో "వీలైనంత త్వరగా" కొట్టేసి ఇలా రాయి (పై నిధులు అంటే ఆ సంస్థకి రావాల్సిన డబ్బు): "పై నిధులు సంస్థ ఖాతాకు జమ అయిన తేదీ నుంచి 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. ఒప్పందం తేదీ నుంచి రెండేళ్లలో ఆ నిధులు రాకపోతే ఈ మొత్తం గ్రాంటుగా పరిగణించబడుతుంది." రెండేళ్లా మూడేళ్లా అన్నది నన్నడగకు, ఆ సంస్థకి ఫోన్ చేసి అడుగు, నిధులు ఎప్పుడొస్తాయో వాళ్లకే తెలుసు. ఆ ఫోన్ చేసేటప్పుడే, ఈ డబ్బు అందిన రోజు నుంచే నిశ్చింతగా ఖర్చు పెట్టుకోవచ్చని కూడా నోటితో చెప్పు. కాగితంలో ఉన్నా సరే, చెప్పు.

మీ మావయ్య