ఆ ఎపిసోడ్ మీద రాసేముందు

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "నీ మేనల్లుడు కూడా నీలాగే సమీక్షలు రాస్తాడట" అన్నాడు. అన్నయ్య గొంతులో ఆ మురిపెం విని నాకు కడుపు నిండిపోయింది. తర్వాత దేని మీద రాస్తున్నావో చెప్పాడు. అంతరిక్ష నౌక కథల అమెరికన్ టీవీ సీరీస్ 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్, 'షేడ్స్ ఆఫ్ గ్రే'. "చీల్చి చెండాడతాడట" అని నవ్వాడు. బెంగ అక్కడ మొదలైంది నాకు. 178 ఎపిసోడ్లున్న సీరీస్‌లో నీ మొదటి సమీక్షకి అదే దొరికిందా?

సరే, దొరికింది. బాగా రాయి. రెండుసార్లు చూడు. రెండోసారి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకో. పేర్లు సరిచూసుకో. కథంతా చెప్పకు.

చెప్పడానికి కథ కూడా పెద్దగా లేదులే. ఓ గ్రహం మీద, నౌకలో కెప్టెన్ తర్వాతి అధికారి రైకర్ కాలికి ముల్లు గుచ్చుకుంటుంది. క్రిములు నరాల్లోకి చేరి మెదడు వైపు పాకుతుంటాయి. డాక్టర్ పులాస్కీ అతని తలలోకి సూదులు దించి జ్ఞాపకాలను కదిలిస్తుంది. జ్ఞాపకాల పేరుతో పాత ఎపిసోడ్ల ముక్కలు వరసగా వచ్చిపడతాయి. తీపి జ్ఞాపకాలకు క్రిములు పెరుగుతాయి, చేదు జ్ఞాపకాలకు చస్తాయి. రైకర్ మాత్రం మంచం దిగడు.

మంచం అంటే గుర్తొచ్చింది. ఇది శ్రద్ధగా చదువు.

నేను వారపత్రికలో టీవీ పేజీ చూసే రోజుల్లో మా దగ్గర ఒకాయన రాసేవాడు. ఆయన సమీక్ష చదివాకే సీరియల్ చూడాలా వద్దా అని తేల్చుకునేవాళ్లుండేవారు. ఒక వారం ఏదో కుటుంబ సీరియల్ మీద రాశాడు. అందులో తాత వేషం వేసే ముసలి నటుడు వారాల తరబడి మంచం మీదే ఉండి మాట్లాడుతున్నాడు, ఇల్లంతా ఆయన చుట్టూ తిరుగుతోంది, కథ మాత్రం అంగుళం కదలడం లేదు. ఆ ముక్క రాసి ఊరుకుంటే సరిపోయేది. అది నిజం కూడా. కానీ చివర్లో, "ఈయనకి నటన మీద విసుగొచ్చింది, పారితోషికం మీద ఇంకా రాలేదు" అని ఒక వాక్యం తగిలించాడు. ఆఫీసులో ఆ వాక్యాన్ని ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. కొన్నాళ్లకి ఆ నటుడి కూతురి దగ్గర్నుంచి ఇన్లాండ్ లెటర్ వచ్చింది. నాన్నగారికి తుంటి ఎముక విరిగిందనీ, వేషం పోకుండా ఉండాలని నిర్మాతే పాత్రను మంచం పట్టించాడనీ, పత్రికలో ఆ వాక్యం ఆయనే చదువుకున్నారనీ రాసింది. ఒక్క తిట్టు లేదు అందులో.

తప్పంటే అదేనని అనుకుంటున్నావు కదూ? నా భయం దాని తర్వాత జరిగినదాని గురించి. ఆ ఉత్తరంతో ఆయన బెదిరిపోయాడు. ఇక ప్రతి సమీక్షలోనూ "వాళ్లకి ఏ ఇబ్బందులున్నాయో" అని రాయడం మొదలుపెట్టాడు. బాగోలేనిదాన్ని బాగోలేదనడమే మానేశాడు. చదివేవాళ్లకి ఆయన మాట మీద గురి పోయింది. అంత చక్కటి కలం అలా వట్టిపోయింది. నటుడి మనసులో ఏముందో ఊహించి రాయడం తప్పు. కథ కదలడం లేదన్నది తప్పు కాదు. రెండూ వేరని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నీకు నేను చెబుతున్నాను.

నువ్వు తిట్టబోయే ఎపిసోడ్ వెనకా ఒక సంగతి ఉంది. 1988 మార్చి నుంచి ఆగస్టు దాకా హాలీవుడ్ రచయితలు సమ్మె చేశారు. దాంతో రెండో సీజన్ నవంబరు దాకా మొదలవలేదు, 22 ఎపిసోడ్లతోనే ఆగిపోయింది. మధ్యలో కొన్ని ఎపిసోడ్లకు ఖర్చు చెయ్యిదాటింది. ఆ లోటు పూడ్చుకోవడానికి ఆఖరిదాన్ని పాత ముక్కలతో చుట్టేశారు. కొత్త సన్నివేశాలు మూడు రోజుల్లో తీశారు. కథ మారిస్ హర్లీది, దర్శకుడు రాబ్ బోమన్. అంతకు రెండు నెలల ముందే 'క్యూ హూ' చేసింది కూడా ఈ ఇద్దరే. బోర్గ్ అనే ఆ భయంకర శత్రుజాతి మొదటిసారి కనిపించింది అందులోనే, నువ్వు అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి గోల చేశావే, అదే. కాబట్టి వీళ్లను చేతకానివాళ్లని రాశావంటే అది అబద్ధం, నేను ఒప్పుకోను.

అలాగని సమ్మె పేరు చెప్పి వదిలెయ్యకు. డబ్బు లేకపోతే మంచి కథ రాదా? అదే సీజన్‌లో, 1989 ఫిబ్రవరిలో, 'ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' వచ్చింది. చాలావరకు ఒక విచారణ గది, నలుగురు మనుషులు, మాటలు. నౌకలో పనిచేసే మరమనిషి డేటా ప్రాణమున్న వ్యక్తా, సంస్థ సొత్తా అన్నది వాదన. అతనికి వ్యతిరేకంగా వాదించాల్సింది స్నేహితుడైన రైకర్. డేటా చెయ్యి ఊడదీసి అందరికీ చూపిస్తాడు, తర్వాత స్విచ్ నొక్కి అతన్ని ఆపేస్తాడు. డేటా బల్ల మీదికి వాలిపోతాడు. అప్పుడు రైకర్ ముఖం మళ్లీ ఒకసారి చూడు.

అంత బరువు మోసిన మనిషి, చేదు జ్ఞాపకమే తనకు మందు అన్న చోట ఏం గుర్తుచేసుకోవాలి? 'షేడ్స్ ఆఫ్ గ్రే' అతని అపరాధభావం జోలికే పోదు. చివరికొచ్చేసరికి దెబ్బలాటలు, పేలుళ్లు, పరుగులు. బతకడానికి తన చేదునంతా మళ్లీ అనుభవించాలి అన్నది ఎంత మంచి ఊహరా! దాన్ని చేతిలో పెట్టుకుని క్రిముల లెక్క చూపించారు. నేనైతే నా సమీక్షంతా ఇక్కడే ఖర్చుపెడతాను. రైకర్ మంచం పక్కన కూర్చుని ఏడ్చే నౌక కౌన్సెలర్ ట్రోయ్‌కి రెండు వాక్యాలు తప్పకుండా ఇవ్వు. ఆ వేషం వేసిన మెరీనా సిర్టిస్ కొత్త సన్నివేశాల్లో ఒళ్లు దాచుకోలేదు.

మీ మామయ్య ఉద్యోగం వల్ల అమెరికాలో ఉన్నప్పుడు మేము ఇవి వారం వారం చూశాం. ఏడాది కిందటి సన్నివేశం మళ్లీ కనిపిస్తే ఓ పలకరింపులా ఉండేది. నువ్వు రోజుకు నాలుగు చొప్పున చూసి వచ్చావు కాబట్టి నీకు విసుగు రెట్టింపవుతుంది. ఆ తేడా ఒక మాటలో చెప్పు.

ఆరేళ్లప్పుడు నిన్ను సినిమాకి తీసుకెళితే, హీరోగారి కుక్క ఇంటర్వెల్ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పలేదని ఇంటికొచ్చేదాకా ఏడ్చావు. ఆ కుక్క సంగతి నాకు తట్టనే లేదు. వీడికి కథ మీద పట్టింపుందని ఆ రోజే మీ నాన్నతో అన్నాను. ఇప్పుడు నీ మాటల్లో వెటకారం ఎక్కువైంది. నలుగురూ నవ్వుతారని రాయడం అలవాటైతే ఆ పట్టింపు మరుగున పడిపోతుందేమోనని నా భయం. నిన్ను కోప్పడటం కాదు నాన్నా ఇది.

ఇంకొక్కటి. మూడో సీజన్ మొదలుపెట్టకముందే రాసెయ్యి. అందులోని 'యెస్టర్‌డేస్ ఎంటర్‌ప్రైజ్' ఎపిసోడ్ చూశాక నీకు దీని మీద కోపమూ మిగలదు, ఓపికా మిగలదు.

ఆదివారానికల్లా పంపు, అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టి. అమ్మ చెప్పింది, అన్నం కూడా ఫోన్ ముందే తింటున్నావట. అది మానెయ్యి.

అత్తయ్య