ఆక్సిజన్ శాతం చూపే అల్ట్రాసోనిక్ మీటర్‌ను నమ్మవచ్చా?

"ఆన్‌లైన్‌లో కొన్న అల్ట్రాసోనిక్ మీటర్ మా కాన్సంట్రేటర్‌లో ఆక్సిజన్ తక్కువ చూపిస్తోంది, దేన్ని నమ్మాలి?" అని అడిగారు. ముందు మీటర్‌ని ఎక్కడ తగిలించారో చెప్పండి.

గాలిలోంచి నైట్రోజన్ తీసేసి ఆక్సిజన్ ఇచ్చే ఈ మిషన్లని చెన్నైలో అద్దెకిచ్చి, రిపేర్లు కూడా చేస్తుంటాను. ఎండాకాలంలో వెస్ట్ మాంబళం నుంచి ఒక తెలుగువాళ్లు పిలిచారు. చెప్పులు విప్పకముందే వాళ్లబ్బాయి "మీరిచ్చింది డూప్లికేట్ మిషనండీ" అంటూ మీటర్ నా ముఖం ముందు పెట్టాడు. 84 శాతం. మంచం మీద మామ్మగారేమో "ముందు అతనికి మంచినీళ్లివ్వరా" అంటున్నారు. చూస్తే మీటర్‌ని, ఆక్సిజన్‌కి తేమ పట్టించే నీళ్ల సీసా దాటాక ట్యూబు చివర తగిలించాడు. ట్యూబు లోపలంతా సన్నటి బొట్లు. మామ్మగారిని కాసేపు సిలిండర్‌కి మార్చి, సీసా తీసేసి, మీటర్‌ని నేరుగా మిషన్ అవుట్‌లెట్‌కి కలిపాను. అంకె మెల్లగా ఎక్కి 93 దగ్గర ఆగింది. అబ్బాయి మాట్లాడలేదు. సారీ కూడా చెప్పలేదనుకోండి, అది వేరే విషయం.

అసలు ఆ మీటర్‌కి తెలిసేది శబ్దవేగం ఒక్కటే. 20 డిగ్రీల దగ్గర శబ్దం నైట్రోజన్‌లో సెకనుకు 349 మీటర్లు, ఆక్సిజన్‌లో 326 మీటర్లు పోతుంది. సున్నా నుంచి వంద శాతం దాకా మొత్తం ఆ 23 మీటర్ల తేడాలోనే ఇమడాలి. నీటి ఆవిరి తేలిక కాబట్టి అది కలిస్తే వేగం పెరుగుతుంది, మీటర్ దాన్ని నైట్రోజన్ ఖాతాలో రాసేసి ఆక్సిజన్ తగ్గించి చూపిస్తుంది.

ఎండ సంగతీ అంతే. డిగ్రీకి వేగం 0.6 మీటర్లు పెరుగుతుంది. అంటే లోపలి థర్మామీటర్ ఒక్క డిగ్రీ తప్పితే ఆక్సిజన్ రెండున్నర శాతం తప్పుతుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన మీటర్‌ని హాల్లో వెంటనే వాడకండి, కాసేపు వదిలేయండి. నన్నడిగితే ఈ మీటర్లకయ్యే ఖర్చులో సగం థర్మామీటర్ మీదే పెట్టాలి. తయారుచేసేవాళ్లు మాత్రం రంగుల డిస్‌ప్లే మీద పెడతారు.

ఇక చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్‌లో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ కొని గ్యాస్ మీటర్ ప్రాజెక్టు చేసే ఇంజనీరింగ్ పిల్లలున్నారు. పది సెంటీమీటర్ల గొట్టంలో ఒక శాతం ఆక్సిజన్‌కి శబ్దం పోయే సమయంలో వచ్చే తేడా దాదాపు 0.2 మైక్రోసెకను. ఆ 40 కిలోహెర్ట్జ్ సెన్సర్‌లో ఒక్క తరంగమే 25 మైక్రోసెకన్లు. లెక్కలో ఒక తరంగం అటూ ఇటూ అయితే ఆక్సిజన్ అంకె నూట ఇరవై శాతానికి పైగా తప్పుతుంది. దానికీ గైడ్‌గారు సంతకం పెట్టేస్తారు.