లెడ్ జెప్పెలిన్ తొలి రోజులను తెరపై ఎక్కడి నుంచి చూడాలి?

బ్రిటిష్ రాక్ సంగీత బృందం లెడ్ జెప్పెలిన్ తొలి రోజుల దృశ్యాలలో ముందుగా ఏది చూడాలని, అవి ఎందుకంత తక్కువగా ఉన్నాయని మీరు అడిగారు. ‘బికమింగ్ లెడ్ జెప్పెలిన్’ డాక్యుమెంటరీ జోలికి వెళ్లే ముందు, 1969 మార్చిలో డెన్మార్క్ టెలివిజన్ కోసం గ్లాడ్‌సాక్సెలో చిత్రీకరించిన అరగంట కచేరీని చూడమని చెబుతాను. ఈ నలుగురూ 1968 సెప్టెంబరు 7న, ఇంకా న్యూ యార్డ్‌బర్డ్స్ అన్న పేరుతోనే, మొట్టమొదటి కచేరీ చేసింది కూడా గ్లాడ్‌సాక్సెలోనే. నలుపు తెలుపుల్లో ఉన్న ఆ చిత్రంలో కుర్రకారు వాళ్ల చుట్టూ నేల మీద కూర్చుని వింటుంటారు. గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌కు, డ్రమ్స్ వాయించే జాన్ బోనమ్‌కు అప్పటికి 20 ఏళ్లే. తోటి గిటారిస్టు జెఫ్ బెక్ బహూకరించిన టెలికాస్టర్ గిటారు మీద బృందం గిటారిస్టు జిమ్మీ పేజ్ వయొలిన్ కమాను నడుపుతుంటే, ఆ పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు.

ఆ తరువాత 1970 జనవరి 9న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగిన కచేరీ చూడండి. అది పేజ్ 26వ పుట్టినరోజు. పీటర్ వైట్‌హెడ్ బృందం చిత్రీకరించిన ఆ ఫిల్మ్ అధికారికంగా వెలుగు చూసింది 2003లో, డీవీడీ రూపంలో. నేను దానిని చూసింది ఆ మరుసటి ఏడాది, హైదరాబాదులో ఒక మిత్రుని గదిలో. విజయవాడలో చిన్నప్పుడు ఏడేళ్లపాటు మృదంగం నేర్చుకున్న నాకు, అంతవరకు క్యాసెట్లలో విన్న బోనమ్ వాయిద్యం కేవలం బలప్రదర్శన అనిపించేది. సుమారు 15 నిమిషాల డ్రమ్ సోలో మధ్యలో ఆయన పుల్లలు పక్కన పెట్టి, ఉత్త చేతులతో, వేళ్లతో, అరచేతి అంచుతో నాదాన్ని మారుస్తూ వాయించడం చూసిన క్షణంలో నా అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనంలో మా గురువుగారు శబ్దాన్ని తగ్గించి సభను దగ్గరకు లాక్కునే పద్ధతి నాకు అక్కడ కనిపించింది. వినికిడికి అందనిది కంటికి అందింది కనుకనే, ఈ దృశ్యాలను నేను పాటల రికార్డులతో సమానంగా గౌరవిస్తాను.

ఇవి తక్కువగా ఉండటానికి కారణం బృందం విధానమే. మేనేజర్ పీటర్ గ్రాంట్ వాళ్లను టెలివిజన్‌కు దూరంగా ఉంచారు. బ్రిటన్‌లో పాటలను విడిగా అమ్మే సింగిల్ రికార్డులు విడుదల చేయనివ్వలేదు. వినాలనుకున్నవాడు ఆల్బమ్ కొనాలి, చూడాలనుకున్నవాడు కచేరీకి రావాలి. వ్యాపారంగా అది ఫలించింది కానీ, తరువాతి తరాల వారికి మిగిలిన ఫిల్మ్ మాత్రం కొద్దిపాటిదే.

చివరగా, బెర్నార్డ్ మెక్‌మాహన్ దర్శకత్వంలో 2025లో థియేటర్లకు వచ్చిన ‘బికమింగ్ లెడ్ జెప్పెలిన్’ చూడండి. కథ ఆల్బర్ట్ హాల్ కచేరీతోనే ముగుస్తుంది. పాటలను ముక్కలు చేయకుండా పూర్తిగా సాగనివ్వడం అందులో నాకు ఎంతో నచ్చింది. 1980లో మరణించిన బోనమ్ మాటలు అందులో ఒక పాత ఆడియో ఇంటర్వ్యూ నుంచి వినిపిస్తాయి. మిగిలిన ముగ్గురూ వృద్ధాప్యంలో, ఎవరికి వారు విడిగా కూర్చుని ఆ గొంతు వింటుంటారు. ఆ ముఖాలను చూడటానికైనా, పై రెండు కచేరీలను ముందుగా చూసి వెళ్లండి.