కింది గోడ తీసేస్తుంటే పై వాటా వాళ్లు ఆపగలరా?

ప్రశ్న: మాది కావలి. నాన్న 1994లో కట్టిన డాబా, పిల్లర్లు లేవు, ఇటుక గోడలే. 2011లో రిజిస్టరు పారిఖత్తు ప్రకారం కింది వాటా అన్నయ్యకు, పై వాటా నాకు వచ్చాయి. ఇప్పుడు అన్నయ్య షాపు కోసం కింద హాలు గోడ తీసేసి ఐరన్ గర్డర్ వేయిస్తున్నాడు. రెండు వరుసల ఇటుకలు తీసేసరికే మా వంటగదిలో సన్నటి బీట కనబడింది. అడిగితే ‘నా వాటా, నా ఇష్టం’ అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఆపవచ్చు. గోడ మీ అన్నగారిదే, కానీ మీ ఇల్లు దాని మీదే నిలబడి ఉంది. ఈ ఆసరా హక్కును 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం గుర్తిస్తుంది. 20 ఏళ్లుగా అనుభవిస్తూ ఉండాలని 15వ సెక్షన్ అడిగే లెక్క మీకు అక్కర్లేదు. ఉమ్మడి ఆస్తి పంచుకున్నప్పుడు, ఒకరి వాటా అనుభవించడానికి రెండోవారి వాటాపై తప్పనిసరైన హక్కు 13వ సెక్షన్ ప్రకారం పంపకంతోనే వస్తుంది. అయినా పారిఖత్తు ఒకసారి తీసి చదవండి. మెట్లు, బోరు గురించి పేజీలు రాసుకుంటారు గానీ గోడల మాట ఎత్తేవాళ్లు తక్కువ.

చాలామంది పొరబడేది ఇక్కడే. 34వ సెక్షన్ ప్రకారం ఆసరా తీసినందుకు నష్టపరిహారం కావాలంటే గట్టి నష్టం నిజంగా జరిగి ఉండాలి. పని ఆపించడానికి అంతదాకా ఆగక్కర్లేదు. ఆ పని జరిగితే మీ హక్కుకు దెబ్బ తప్పదని చూపిస్తే 35వ సెక్షన్ కింద ముందే ఇంజంక్షన్ (పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) అడగవచ్చు.

దెబ్బ తప్పదని చూపడానికి మీ టెన్షన్ చాలదు, స్ట్రక్చరల్ ఇంజనీరు రిపోర్టు కావాలి. గోడకు రెండు వైపులా శ్లాబు కింద జాకీలు పెట్టారా? గర్డర్ సైజు లెక్కకట్టింది ఇంజనీరా, మేస్త్రి కంటి అంచనానా? అన్నిటికంటే ముఖ్యం, గర్డర్ కొసలు దేనిమీద కూర్చుంటున్నాయి? గోడ పొడుగునా పరుచుకున్న బరువంతా ఇకమీదట ఆ రెండు చోట్లే దిగుతుంది. అక్కడ పాత ఇటుక ముక్క మిగిల్చి దానిమీద గర్డర్ పెడితే అది నలిగిపోవచ్చు. గర్డర్ మానేసి కాంక్రీటు బీము పోసినా, ఆరు మీటర్ల లోపు బీముకు మామూలు సిమెంటుతో 14 రోజులు జాకీలు ఉంచాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది.

ఇవాళే వంటగది బీటకు రెండు కొసల్లోనూ పెన్సిలుతో గీత పెట్టి, పక్కన తేదీ వేసి ఫొటో తీయండి. బీట గీత దాటితే మంచి సాక్ష్యం.

ఇటుకలు ఊడుతుంటే నోటీసు పంపి జవాబు కోసం కూర్చోకండి. సివిల్ కోర్టులో దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్‌కు, ఆర్డర్ 26 రూల్ 9 కింద స్థలం చూసి కోర్టుకు రిపోర్టు ఇచ్చే అడ్వొకేట్ కమిషనర్‌ను వేయమని పిటిషన్లు వేయించండి. మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగంలోనూ ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రాణాపాయం లేకుండా జాగ్రత్తలు తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 290 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. అన్నదమ్ముల మధ్య పోలీసు స్టేషన్‌ను నేనైతే చివరికే ఉంచుతాను.

కోర్టు మీ అన్నగారి షాపును శాశ్వతంగా ఆపుతుందని మాత్రం అనుకోకండి. ‘ఇంజనీరు డ్రాయింగు, జాకీలు లేకుండా గోడ ముట్టుకోకూడదు’ అని అడగండి. ఇంజనీరు ఫీజులో సగం మీరు పెట్టుకుంటానని చెప్పి చూడండి. ఆయన సరేనంటే ఆ షరతులనే రాజీ మెమోగా రాసి కోర్టులో దాఖలు చేయించుకోవచ్చు.