చాక్లెట్ సిస్ట్ క్యాన్సర్‌గా మారుతుందా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. నెలసరి వస్తే నడుం విరిగేంత నొప్పి. ఎండోమెట్రియోసిస్ అన్నారు, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడమట. ఎడమ అండాశయంలో పాత రక్తం నిండిన 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ ఉంది, సీఏ-125 అనే రక్తపరీక్షలో 78 వచ్చింది. క్యాన్సర్ రాకముందే గర్భసంచి తీయించేసుకోమని చుట్టాలు అంటున్నారు. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ 78 సంగతి. సీఏ-125 విలువ 35 దాటితే ఎక్కువ అంటారు. కానీ క్యాన్సర్ లేకుండా ఎండోమెట్రియోసిస్ ఉన్నా అది పెరుగుతుంది, నెలసరి రోజుల్లో రక్తం ఇస్తే ఇంకాస్త పెరుగుతుంది. ఆ ఒక్క అంకెతో క్యాన్సర్ ఉందనీ, లేదనీ తేల్చలేం. నెలనెలా అదే పరీక్ష చేయించుకోవడం డబ్బు దండగ.

సంబంధం ఉన్నమాట మాత్రం నిజం. 2024లో అమెరికాలోని యూటా మహిళల రికార్డులు పరిశీలిస్తే, ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో అండాశయ క్యాన్సర్ సుమారు 4 రెట్లు, చాక్లెట్ సిస్టులు లేదా లోతుగా పాకిన జబ్బు ఉన్నవారిలో 9 రెట్లకు పైగా కనిపించింది. రెట్లు వింటే గుండె గుభేలుమంటుంది. అసలు ఆ క్యాన్సరే అరుదు కాబట్టి, అదే లెక్కలో 10,000 మందికి అదనంగా తేలినవి 10 కేసులే.

మీరు చూడాల్సింది స్కాన్ రిపోర్టులో సిస్ట్ గోడ గురించి ఏం రాశారన్నది. లోపలి పాత రక్తం ఒకే తీరుగా, మసక గాజులా కనిపిస్తే మామూలే. గోడ నుంచి లోపలికి గట్టి గడ్డ పొడుచుకొచ్చినా, డాప్లర్‌లో దానిలోకి రక్తం పారుతున్నట్టు కనిపించినా, సిస్ట్ గబగబా పెరిగినా మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ చేయించాలి. అనుమానం బలపడితే సిస్ట్‌లోని ద్రవాన్ని సూదితో తీయించొద్దు, క్యాన్సర్ కణాలు కడుపులో చిందే ప్రమాదం ఉంది. అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరే.

అవేవీ లేకపోతే 3 నుంచి 6 నెలల్లో మరో స్కాన్, ఆ తర్వాత ఏడాదికోసారి. నొప్పికి డాక్టర్ సలహాతో రోజూ 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర వాడొచ్చు. గర్భసంచి ఒక్కటే తీసేస్తే అండాశయంలో సిస్ట్ అలాగే ఉంటుంది. రెండు అండాశయాలూ తీస్తే 38కే ముట్లుడిగి ఎముకలు, గుండె దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. ఆపరేషన్ తప్పకపోతే, నీరు లాగేసి వదలకుండా సిస్ట్ గోడంతా తీసి బయాప్సీకి పంపమనండి. ఆ రిపోర్టు పారేయకండి. ముట్లుడిగాక సిస్ట్ పెరిగినా, కొత్తగా నొప్పి, రక్తస్రావం మొదలైనా వెంటనే చూపించుకోవాలి.