అలర్ట్ వచ్చేసరికే సరుకు అయిపోతోందా?

ప్రశ్న: సార్, కావలి ట్రంకు రోడ్డులో మాకు కిరాణా కొట్టు ఉంది. ఫోన్‌లోని బిల్లింగ్ ఆప్‌లో అన్ని సరుకులకూ 'మినిమం స్టాక్' 10 అని పెట్టాను. నూనె ప్యాకెట్ల అలర్ట్ చూసి నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటకు ఫోన్ చేస్తే సరుకు దిగేసరికి మూడు రోజులు. ఈలోపు అడిగినవాళ్లందరికీ లేదని చెప్పాల్సి వస్తోంది. ఆప్ మార్చాలా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఆప్ మార్చొద్దు, ఆ 10ని మార్చండి. నూనెకూ ఇంగువ డబ్బీకీ ఒకే అంకె ఎలా సరిపోతుంది? ఇంగువ డబ్బీలు పది ఉంటే వారాలు గడుస్తాయి. నూనె ప్యాకెట్లు పది మధ్యాహ్నానికే అయిపోతాయి.

కొత్త సరుకు దిగేదాకా అమ్ముకోవడానికి చాలినంత ఉండగానే ఆర్డర్ పెట్టాలి. ఆ హద్దునే రీఆర్డర్ పాయింట్ అంటారు. రోజుకు సగటున అమ్మేదాన్ని సరుకు రావడానికి పట్టే రోజులతో గుణించి, ఆలస్యాల కోసం కొంత కలిపితే అది తేలుతుంది.

చాలామంది పొరబడేది సగటు దగ్గరే. మీ రిపోర్ట్‌లో 30 రోజులకు 432 ప్యాకెట్లు అమ్మినట్టు ఉందనుకుందాం. 30తో భాగిస్తే 14.4 వస్తుంది. కానీ అందులో ఆరు రోజులు నూనె పెట్టే అర పూర్తిగా ఖాళీగా ఉంది. ఆ రోజుల్లో అమ్మకం సున్నా అయింది అడిగేవాళ్లు లేక కాదు, ప్యాకెట్లు లేక. కాబట్టి 24తోనే భాగించాలి, అప్పుడు 18 వస్తుంది. ఆ నాలుగు ప్యాకెట్ల తేడాతో ఏముందిలే అనుకోకండి. తక్కువ సగటు చూసి తక్కువ తెప్పిస్తారు, అర మళ్లీ ఖాళీ అవుతుంది, వచ్చే నెల సగటు ఇంకా పడిపోతుంది.

ఇప్పుడు 18ని మూడు రోజులతో గుణిస్తే 54. పాత బిల్లుల తేదీలు తిరగేయండి. ఒకసారి ఐదు రోజులు పట్టి ఉంటే, ఆ అదనపు రెండు రోజులకు 36 కలపండి. మొత్తం 90. బాగా అమ్మిన రోజు లెక్క 26ని ఐదు రోజులతో గుణించి 130 పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. సరుకు తప్పదు గానీ డబ్బు నూనెలో ఇరుక్కుపోతుంది. చిన్న కొట్టుకు నేనైతే 90 చాలంటాను. బ్రెడ్డు, పాల ప్యాకెట్లకు మాత్రం ఈ లెక్క వద్దు, అవి ఏరోజుకారోజు చూసుకోవాల్సినవి.

గూగుల్ షీట్స్‌లో సరుకు పేరు, రోజు సగటు, వచ్చే రోజులు, అదనపు నిల్వ అని నాలుగు నిలువు వరుసలు పెట్టి, ఐదో దాంట్లో ఫార్ములా (రోజు సగటు × వచ్చే రోజులు + అదనపు నిల్వ) రాసి కిందికి లాగండి. వచ్చిన అంకెను ఆప్‌లో ఆ సరుకు మినిమం స్టాక్‌గా వేయండి. అన్నీ ఒక్క రాత్రిలో చేయాలని టెన్షన్ పడకండి, ముందు బాగా కదిలే 20 సరుకులు చాలు.

ఇంకో జాగ్రత్త. మీరు పొద్దున ఆర్డర్ పెట్టినా సాయంత్రం అలర్ట్ అలాగే కనిపిస్తుంది. అది చూసి ఇంట్లోవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే సరుకు రెండుసార్లు దిగుతుంది. టాలీప్రైమ్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని రీఆర్డర్ స్టేటస్ రిపోర్ట్ పెండింగ్ ఆర్డర్లనూ కలిపి చూపిస్తుంది. మీ ఆప్‌లో అది లేకపోతే షీట్‌లోనే 'దారిలో ఉన్నది' అని ఒక వరుస పెట్టుకోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వాయుగుండాల కాలం. ఆ మూడు నెలలూ వచ్చే రోజులను మూడు కాకుండా ఐదుగా వేసుకోండి. సంక్రాంతి పిండివంటలు మొదలయ్యేలోపు నిరుటి జనవరి మొదటి రెండు వారాల బిల్లులు తీసి, ఆ సగటుతో నూనె, బెల్లం అంకెలు మార్చండి. కనుమ దాటగానే పాత అంకెలు మళ్లీ వేయడం మరిచిపోవద్దు.