వేలు చురుక్కుమంది, కెమెరా మాత్రం 38 అంది

ప్రశ్న: మాస్టారూ, మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా పొదుపు సంఘం తరఫున పురుగుమందు చల్లే డ్రోన్ నడుపుతున్నాను. మొన్న వరిచేలో పని ముగిశాక డ్రోన్‌ను పాకలోకి తెచ్చాం. మా మేనల్లుడు ఫోనుకు తగిలించే థర్మల్ కెమెరాతో చూస్తే బ్యాటరీ 46 డిగ్రీలు, మోటారు 38 డిగ్రీలు అని చూపింది. మోటారును ముట్టుకుంటే నా వేలు చురుక్కుమంది. కెమెరా పాడైందా? మానవరహిత విమానాల నుంచి వచ్చే పరారుణ కిరణాలను (కంటికి కనిపించని వేడి కిరణాలను) రక్షణ శాఖవాళ్లు ఎంతో దూరం నుంచి కొలుస్తారట. జానెడు దూరంలోనే ఇంత తేడా వస్తే వాళ్లు ఎలా కొలుస్తారు?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కెమెరా పాడవలేదమ్మా. మీ వేలూ అబద్ధం చెప్పలేదు. కెమెరా వేడిని కొలవదు, తన మీద పడిన పరారుణ కాంతిని కొలుస్తుంది. ఆ కాంతిని బట్టి వేడి ఇంత ఉండవచ్చని లెక్క కడుతుంది. ఆ లెక్కలో, ఎదురుగా ఉన్న వస్తువు దాదాపు మసిలా నల్లనిదని ముందే అనుకుంటుంది. మీ మోటారు తొడుగేమో మెరిసే అల్యూమినియం.

పోయిన సంక్రాంతికి విజయనగరం వచ్చిన నా పాత విద్యార్థి ఇలాంటి కెమెరానే తెచ్చాడు. చింతపండుతో తళతళలాడేలా తోమిన ఇత్తడి చెంబుకు ఒకవైపు దీపం మసి పట్టించి, మరిగిన నీళ్లు పోశాం. మసి పట్టిన వైపు 88 డిగ్రీలు చూపింది, మెరిసే వైపు 36. చెంబు ఒకటే, లోపలి నీళ్లూ అవే! పైగా మెరిసే వైపున నా ముఖం ప్రతిబింబం కూడా తెర మీద కనిపించింది. స్కాట్లండ్ శాస్త్రవేత్త జాన్ లెస్లీ 1804లోనే లోహపు పెట్టె పక్కలకు ఒకచోట మసి, మరొకచోట మెరుపు ఉంచి, లోపల వేడినీళ్లు పోసి ఈ సంగతే తేల్చాడు. ముప్పై ఏళ్లకు పైగా నేను నల్లబల్ల మీద చెప్పిన పాఠం ఆ రోజు కళ్లారా చూశాను.

ఇక మీ మోటారు సంగతి. అది నిజంగా 75 డిగ్రీలు, పాక 30 డిగ్రీలు అనుకుందాం. 75 డిగ్రీల నల్లని ఉపరితలం చదరపు మీటరుకు సుమారు 830 వాట్లు వెదజల్లుతుంది. మీ అల్యూమినియం అందులో 15 శాతమే ఇస్తుందనుకుంటే 125 వాట్లు. మిగతా 85 శాతం మేర అది అద్దంలా పనిచేసి, పాక గోడలూ కప్పూ పంపే 478 వాట్లలో 406 వాట్లను తిప్పికొడుతుంది. మొత్తం 531. నల్లని వస్తువు 531 వాట్లు ఇవ్వాలంటే ఎంత వేడిగా ఉండాలో తెలుసా? సరిగ్గా 38 డిగ్రీలు! అంటే కెమెరా మీకు మోటారు కన్నా పాకనే ఎక్కువగా చూపింది. బ్యాటరీ పైపొర ప్లాస్టిక్ కాబట్టి దాని 46ను మాత్రం నమ్మవచ్చు.

రక్షణ శాఖవాళ్లు దూరం నుంచి ఉష్ణోగ్రతను కనిపెట్టాలని చూడరు. విమానం ఏ దిక్కుకు, ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత శక్తిని పంపుతోందో, వెనకనున్న ఆకాశం కన్నా అది ఎంత ఎక్కువో కొలుస్తారు. దానికి ముందు, ఎంత వేడిగా ఉందో కచ్చితంగా తెలిసిన కృష్ణ వస్తువును (తన మీద పడిన కాంతినంతా మింగేసే నల్లని వస్తువును) కెమెరాకు చూపించి, కాటా సరిచూసుకున్నట్టు సరిచూస్తారు. దూరం పెరిగితే చిక్కు ఇంకొకటి. మీ మేనల్లుడి కెమెరా బొమ్మలో అడ్డంగా 160 చుక్కలుండి, చూపు 50 డిగ్రీల మేర ఉంటే, 10 మీటర్ల దూరంలో ఒక్కో చుక్క దాదాపు 6 సెంటీమీటర్లను కప్పేస్తుంది. ఇంకాస్త దూరం పోతే మోటారూ ఆకాశమూ ఒకే చుక్కలో కలిసిపోతాయి. గాలిలోని నీటి ఆవిరి కూడా కొంత మింగేస్తుంది. అందుకే గాలి ఎక్కువగా అడ్డుపడని 3–5, 8–14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల పట్టీల్లో కొలుస్తారు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మీ మోటారు లాంటి వేడికి రెండో పట్టీ సరిపోతుంది. మంట మండే ఇంజనుకు మొదటిది కావాలి.

మన తీరం వెంబడి ఉత్తరానికి వెళితే ఒడిశాలో చాందీపూర్ వస్తుంది. క్షిపణులకు గురిగా నిలిచే ‘అభ్యాస్’ మానవరహిత విమానాన్ని అక్కడే పరీక్షించారు. చిన్న టర్బైన్ ఇంజనుతో ఎగిరే ఈ విమానం, పరారుణంలో పెద్ద విమానంలా కనిపించేలా ఏర్పాటు చేశారు. ఎంత వెలుగు పంపుతోందో కొలవకుండా అలాంటి వేషం కట్టించడం కుదరదు.

మీరు చేయగలిగింది చెబుతాను. డ్రోన్ దిగి, బ్యాటరీ తీసేశాక, మోటారు తొడుగుకు చిటికెన వేలి గోరంత నల్ల ఇన్సులేషన్ టేపు అంటించండి. అర నిమిషం ఆగి, టేపు మీదకే కెమెరా పెట్టి చూడండి. ఎండలో కాదు, నీడలోనే. అప్పుడొకసారి, రెండు నిమిషాలకు మరోసారి రాసుకోండి. రెండోది ఎక్కువ రావచ్చు, కంగారు పడకండి. ఎగిరేటప్పుడు రెక్కల గాలి మోటారును చల్లార్చుతుంది, ఆగాక లోపలి తీగచుట్ల వేడి పైకి పాకుతుంది. ట్యాంకు నిండుగా ఎగిరినప్పటి అంకెలను, ఖాళీగా ఎగిరినప్పటి అంకెలను కలపకండి. 15 కిలోల డ్రోన్ 10 లీటర్ల మందుతో 25 కిలోలైతే, గాలిలో నిలబడడానికే రెట్టింపుకు పైగా శక్తి పడుతుంది. ఆరు మోటార్లలో ఒకటి మాత్రమే మిగతావాటి కన్నా పది పదిహేను డిగ్రీలు ఎక్కువ చూపుతుంటే, బేరింగు చూపించే వరకు ఎగరేయవద్దు.

తొడుగు రెక్కతోపాటు గిర్రున తిరుగుతుంది కాబట్టి, మళ్లీ ఎగరేసే ముందు టేపు ముక్కలన్నీ లెక్కపెట్టి తీసేయండమ్మా.